దొరబీరువా

మా ఇంట్లో ఒక బీరువా ఉంది. ‘ఎవరింట్లో లేదమ్మా?’ అంటారేమో, కాస్త చెప్పనివ్వండి. మాది ఇనపదీ కాదు, అద్దం బిగించిందీ కాదు. నందికొట్కూరులో మా అత్తగారి పాత మిద్దె ఇంట్లో, పడసాల మూలనున్న చెక్కబీరువా. కింద నాలుగు సొరుగులు. పైన ఏటవాలు మూత, దానికి ఏ కాలంలోనో కొట్టిన మేకులు. నెత్తిన బెత్తెడు చోటుంటే అక్కడ దేవుడి పటాలు. మామగారి తాతగారు కర్నూల్లో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, సీమకు వెళ్లిపోతున్న ఓ దొర సామాను వేలం వేస్తే పాడుకుని బండిమీద తెచ్చారట. అందుకే దొరబీరువా. సొరుగుల నిండా అత్తగారి చీరలు.

మొన్న వేసవిలో, వానలు రాకముందే మిద్దె బాగుచేయించాలనుకున్నాం. ఎలా వాసన పట్టాడో, పాత తలుపులూ సామాన్లూ కొనేవాడొకడు వచ్చి వాలాడు. బీరువాకు వాడు చెప్పిన ధర వినగానే మావారి మొహం విప్పారింది. మిద్దె ఖర్చులో సగం! అత్తగారిది ఒకటే మాట.

“నా చీరలు యాడ పెట్టుకోవాల?”

దూలాలు చూడటానికొచ్చిన వడ్రంగి పెద్దాయన ఆ మూతను నిమిరి, మేకులు ఊడదీశాడు. లోపలినుంచి రెండు కొయ్యలు ముందుకు లాగాడు. మూత వచ్చి వాటిమీద బల్లలా పరుచుకుంది. లోపల చిన్నచిన్న గూళ్లు. ఒక మూల ఎండిపోయిన సిరా మరక.

“ఇది బీరువా గాదమ్మా, రాసుకునే బల్ల!”

నాకు నోట మాట రాలేదు. పదిహేనేళ్లుగా నవలలు రాస్తున్నాను. ఎక్కడ? వంటింట్లో పీటమీద, ఒళ్లో అట్ట పెట్టుకుని. ఇంట్లో మేజా ఒకటుంది, మావారిది. దానినిండా ఆయన కాగితాలే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన వద్దని ఎన్నడూ అనలేదు. నేనే అడగలేదు. అన్నాళ్లూ రాసుకునే బల్ల చీరలు మోస్తూ నా కళ్లముందే నిలబడి ఉంది!

బి.ఏ. చదివిన పాపానికి పుస్తకాలు ముందేసుకున్నాను. బీరువా అంటే బ్యూరోయేనట. ఫ్రెంచివాళ్ల మాట. అసలు అర్థం రాసే బల్లమీద పరిచే ముతక ఉన్నిగుడ్డ. తర్వాత ఆ బల్లకే పేరైంది, ఆపైన బల్లలున్న ఆఫీసుకు. పత్రికల్లో కనబడే బ్యూరో అదే. మన దగ్గరికొచ్చేసరికి చీరల పెట్టె అయింది. ఇల్లు మారితే పని మారడం ఆడపిల్లలకే అనుకున్నాను, మాటలకూ తప్పదన్నమాట. తిరుగు ప్రయాణాలూ ఉన్నాయండోయ్. టీ పెట్టుకునేది కాబట్టి టీపాయ్ ఇంగ్లీషుమాట అనుకుంటాం కదా? హిందీలో మూడుకాళ్లది అని దానర్థం. మనం గొప్పగా కాట్ అనే మంచం కూడా వాళ్లు ‘ఖాట్’ నుంచి పట్టుకుపోయిందే.

ఇంగ్లీషు కుర్చీలకూ బల్లలకూ కాలు చూసి కాలం చెప్పొచ్చు. 1702 నుంచి 1714 వరకు ఏలిన ఆన్ రాణి పేరున్న శైలిలో కాలు ఒయ్యారంగా వంపు తిరిగి ఉంటుంది. తర్వాత్తర్వాత పక్షిగోళ్లు బంతిని పట్టుకున్నట్టు పాదాలొచ్చాయి. 1754లో చిప్పెండేల్ అనే లండను వడ్రంగి తన నమూనాలన్నీ పుస్తకంగా అచ్చువేశాడు. హెపిల్‌వైట్ దగ్గరికొచ్చేసరికి కాలు తిన్నగా, కిందికి సన్నబడుతూ దిగుతుంది. విక్టోరియా రాణి రోజుల బరువూ కుచ్చులూ నాకు నచ్చవు, వదిలేస్తున్నాను.

హెపిల్‌వైట్ దగ్గర మాత్రం ఆగాలి. ఆయన 1786లోనే పోయాడు. పేరు తెచ్చిన నమూనాల పుస్తకం 1788లో వచ్చింది. వేయించింది భార్య ఆలిస్. పుస్తకంమీద ‘ఏ. హెపిల్‌వైట్ అండ్ కంపెనీ’ అని ఉంటుంది. లోకమంతా మగడి పేరే చెప్పుకుంటుంది. ఆ ‘ఏ’ ఒక్కటీ ఆవిడది.

ఈ నమూనాలు ఓడలెక్కి మన తీరానికీ వచ్చాయి. పద్ధెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు ఇంగ్లీషు బ్యూరోలకు ఏనుగుదంతం పొదిగి, దానిమీద లతలూ పువ్వులూ చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. అలాంటివి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

మాదానికి దంతమూ లేదు, లతలూ లేవు. పెద్దాయన సొరుగు లాగి మూలల అతుకులు చూపించాడు. “సీమ కొయ్య గాదమ్మా, మన టేకు. చేసినోడూ మనోడే.” ఒక పాదం ఎప్పుడో విరిగితే కడపబండ ముక్క పెట్టారు. అది ఏ రాణిగారి శైలో పుస్తకాల్లో లేదు.

కొనేవాడు మళ్లీ వచ్చాడు. అందరూ ఉండగా, “ఇది నాకు కావాలి” అన్నాను. ఈ ఇంట్లో అడుగుపెట్టాక నాకోసమని ఒక వస్తువు అడగడం అదే మొదలు. గొంతు వణికింది కూడా. మావారు మిద్దెకేసి చూశారు. అత్తగారు నాకేసి చూశారు.

“సొరుగులు నావి. పైది నువ్వు తీసుకో” అన్నారావిడ.

మిద్దె ఈ ఏడు సగమే అయింది. వంటింటిమీద ఇంకా కారుతోంది, కింద గిన్నె పెట్టాం. మావారు ఆ గిన్నెను చూసినప్పుడల్లా నన్ను చూస్తారు, ఏమీ అనరు. మూతకు పెద్దాయన తాళం బిగించాడు. దాని చెవి ఎలా వెళ్లిందో గాని అత్తగారి గుత్తిలో చేరింది. పొద్దున్నే ఐదింటికి ఆవిణ్ణి లేపి అడగాలి. కింద సొరుగుల్లో చీరల మధ్య గుప్పెళ్లకొద్దీ కలరా ఉండలు వేస్తారావిడ. ఈ కాగితాలకు ఆ వాసన వస్తుంటే ఎడిటరుగారు మన్నించాలి.