కొండ ఎక్కడానికి చిట్టీ ఎత్తాలా?

కల్వకుర్తి ప్రాంతంలో కుర్రవాళ్లకు పెద్దలిచ్చే సలహాల్లో నాకు ఎన్నటికీ మింగుడుపడనిది ఒకటుంది: "చిట్టీ ఎత్తుకో బిడ్డా, నెలనెలా కట్టుకుంటూ పోదువు." పెళ్లికో, ఆస్పత్రికో, ఎండిన బోరు పక్కన ఇంకో బోరుకో అయితే వేరే దారిలేక ఎత్తుకుంటారు, దాన్ని తప్పుపట్టను. స్నేహితులతో మనాలి వెళ్లి వారం రోజులు రాక్ క్లైంబింగ్ చేసి రావడానికి కూడా అదే సలహా ఇస్తే మాత్రం ఒప్పుకోలేను. ఆ ప్రయాణం వద్దని కాదు, తప్పకుండా వెళ్లాలి. దాని వాయిదాలు వెళ్లకముందే కట్టేసి ఉండాలన్నదే నా వాదన.

లెక్క చూద్దాం. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 2,500 చొప్పున యాభై వేల చిట్టీ. మూడో నెలలో ఒకతను 12,500 తగ్గించి పాడుకున్నాడనుకోండి. చేతికి 37,500 వస్తుంది. తగ్గించిన దాంట్లోంచి, చిట్టీ మొత్తం మీద ఐదు శాతం కమీషన్ కింద 2,500 పోతే, మిగిలిన 10,000 ఇరవై మందికి తలా 500. కాబట్టి ఆ నెల అందరూ కట్టేది 2,000. మొదటి రెండు నెలలూ అంతే అనుకుందాం. పోనుపోను పాట వేడి తగ్గుతుంది, పంచుకునేదీ తగ్గుతుంది. మిగిలిన 17 నెలలకు సగటున 2,250 వేసుకుందాం. మూడు నెలల 6,000, పదిహేడు నెలల 38,250 కలిపి అతను కట్టేది 44,250. పోయింది 6,750. ఏడాదిన్నరలో ఆ మాత్రం ఎంతలే అనిపిస్తుంది. కానీ చేతికొచ్చిన 37,500లో 6,000 అప్పటికే తాను కట్టిన సొంత సొమ్ము. అసలు అప్పు 31,500 మాత్రమే. దానికి 2,250 చొప్పున పదిహేడు వాయిదాలంటే నూటికి నెలకు రెండుంపావు వడ్డీ, ఏడాదికి 27 శాతం. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినవాణ్ణి చూసి అయ్యో అనే మనిషే, అంతకన్నా ఎక్కువ పడే ఈ చిట్టీని నిశ్చింతగా ఎత్తుకొమ్మంటాడు. ఎత్తినవాళ్లు పూర్తి 2,500 కట్టాలనే ఊరి చిట్టీల్లో నష్టం 11,000కు చేరుతుంది. అదే చిట్టీలో చివరిదాకా ఆగినవాళ్లు 44,250 కట్టి, కమీషన్ పోను 47,500 తీసుకుంటారు. కట్టింది ఇద్దరూ ఒకటే, చేతికొచ్చిన దాంట్లో తేడా పదివేలు. సొంతానికి క్లైంబింగ్ బూట్లు, నడుముకు కట్టుకునే హార్నెస్ కొనుక్కునేంత డబ్బది.

"డబ్బు రేపైనా వస్తుంది, వయసు రాదు కదా" అంటారు. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయను. అయితే కూడబెట్టే నెలలు ఖాళీగా పోయేవి కావు. మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ పిల్లలు తాడు పట్టింది హిమాలయాల్లో కాదు, భువనగిరి కోట బండ మీద. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్, చివరికి ఎవరెస్టు. వాళ్లు చదివిన గురుకులాలకు అప్పట్లో కార్యదర్శిగా ఉండి ఆ పనికి పూనుకున్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ మన అలంపూర్‌లో పుట్టినవారే. అది ప్రభుత్వ సొమ్ము, మనది జేబు సొమ్ము అంటే, జేబు సొమ్ముకు ఆ వరస ఇంకా అవసరం. తాడుకు ఎనిమిది అంకె ముడి వేయడం, ఆ ముడిని పక్కవాడు వేలితో పాయపాయా తడిమి సరిచూడటం, పైనున్నవాడు జారితే పట్టేలా కింద నిలబడి తాడు వదలడం, బిగించడం: కొత్తవాళ్లకు మొదటి రెండు మూడు రోజులు వీటికే సరిపోతాయి. అవి మనాలిలో నేర్చుకుంటే, వారం ఖర్చులో మూడోవంతు పైన భువనగిరిలో దొరికే చదువుకే పోయినట్టు.

మన దగ్గర చాలా ఇళ్లలో ఆదాయం నెలనెలా రాదు. పత్తి అమ్మితే ఒకసారి, యాసంగి పల్లి మార్కెట్‌యార్డుకు పోతే మరోసారి. వాయిదా మాత్రం వానకాలం పెట్టుబడుల నడుమ కూడా తలుపు తడుతుంది. ఎత్తుకున్న చిట్టీకి జమానతు సంతకం పెట్టేది మేనమామో, పక్కింటి సారో. బండ మీద కాలు మడమ విరిగి నాలుగు నెలలు పనికి పోలేకపోతే ఆ వాయిదాలు వాళ్ల మెడకు చుట్టుకుంటాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే: కొండ ఎక్కినవాడు తెలిసి ప్రమాదానికి సిద్ధపడ్డాడు, సంతకం పెట్టినవాడు సిద్ధపడలేదు. బీమా ఉందిగా అంటారు. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమా మినహాయింపులకు ఒకే పాఠం ఇచ్చినప్పుడు సాహసక్రీడల పేరాలో రాక్ క్లైంబింగ్‌ను పేరుపెట్టి చేర్చింది. అది వృత్తిగా చేసేవాళ్లకే వర్తిస్తుంది కాబట్టి సరదాకు ఎక్కేవాళ్లకు ఆస్పత్రి ఖర్చు దొరకవచ్చు. ప్రమాద బీమాల్లో మాత్రం సరదాకు ఎక్కినా చెల్లనివి ఉన్నాయి. పైగా ఆస్పత్రి బిల్లు కట్టే పాలసీ చిట్టీ వాయిదా కట్టదు. ప్రయాణానికి ముందే కంపెనీని రాతపూర్వకంగా అడగాలి, ఏజెంటు నోటిమాట సరిపోదు.

క్రెడిట్ కార్డు ఈఎంఐ, పర్సనల్ లోన్‌ల సంగతీ ఇంతే, వడ్డీ అంకె మారుతుందంతే. అదే 2,250ని పదిహేడు నెలలు బ్యాంకు ఆర్డీలో వేస్తే, వడ్డీ కలపకుండానే 38,250: ఎత్తుకున్నవాడి చేతికొచ్చిన దానికన్నా 750 ఎక్కువ. ఆరున్నర శాతం వేసుకుంటే మరో 1,800 పైచిలుకు. స్నేహితులందరికీ తీరిక ఒకేసారి కుదరదంటారా, ఏడాదిన్నర ముందు చెబితే సెలవులు అడగడం సులువు. పల్లి డబ్బు చేతికొచ్చే మార్చిలో మొదలుపెడితే పదిహేడో వాయిదా మరుసటి ఏడు జులైలో పడుతుంది. నడుమ ఒక చలికాలమంతా భువనగిరి బండ అందుబాటులో ఉంటుంది. మనాలిలో వానలు వెలిసి రాయి ఆరేది సెప్టెంబరు చివర్లో. టికెట్లు తీసుకోవడానికి ఆగస్టు నెల మిగులుతుంది.