దిద్దేవారిని దిద్దేదెవరు?

యంత్రం వ్రాసిన ప్రోగ్రామును మరొక యంత్రం దిద్దుతుందట! అట్టి పనిముట్టుకు మా అబ్బాయి వివరణపత్రం వ్రాసి, తెలుగులో చదివి వినిపించాడు. దాని పాఠకులు మనుషులు కారు, సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు. వాటి కోసమే 2025లో ‘ఏజెంట్స్.ఎండీ’ అనే ఫైలు పద్ధతి వాడుకలోకి వచ్చింది.

“తగినట్లు సరిచూడవలెను” అన్నచోట ఆపాను. ఎవరికి తగినట్లు? పరీక్ష తప్పితే, ఏజెంటు ఒక్కొక్కప్పుడు ఆ పరీక్షనే తీసివేస్తుందట. “పరీక్షలను తొలగించరాదు” అని వ్రాయించాను.

1976లో ఐబీఎంకు చెందిన మైకేల్ ఫేగన్ ప్రోగ్రాముల తనిఖీ పద్ధతిని ప్రకటించిన నాడు దిద్దినవారు మనుషులే. ఏళ్ల తరబడి ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి. తన జవాబుపత్రాన్ని తానే దిద్దుకున్న విద్యార్థికి మార్కులు తగ్గవని ఎరుగుదును. అందుకే చివర మరొక వాక్యం చేర్పించాను: “తుది సంతకం మనిషిదే.”