గోల్కొండ రాయి, వికారాబాద్ రాయి

హైదరాబాద్ నుంచి పడమటికి వెళ్తుంటే నా చూపంతా రాళ్ల మీదే. ఇంట్లోవాళ్లకు విసుగు! గోల్కొండ గుట్ట గ్రానైట్. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల తాపీగా చల్లారింది కాబట్టి గులాబీ, తెలుపు, నలుపు గింజలు కంటికే కనిపిస్తాయి. వికారాబాద్ వైపు బసాల్ట్ మొదలవుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావాగా పైకి పొంగి, త్వరగా గడ్డకట్టింది; లెన్స్ పెడితే తప్ప గింజ ఆనదు. క్వార్ట్జ్ దండిగా ఉన్న గ్రానైట్ శిథిలమైతే ఎక్కువగా ఎర్ర చెల్క. ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న బసాల్ట్ నుంచి నల్లరేగడి. పత్తి రైతును అడిగితే ఏది మేలో ఠక్కున చెప్తాడు. నా ఓటు మాత్రం గ్రానైట్‌కే, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఆ గుండ్ల కోసం. వాటిని కంకరకు పగలగొడుతుంటే ఒళ్లు మండుతుంది.