గీటు కొట్టిన పద్దు

ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్నాము గనుక, ఖర్చు తగ్గించడం మాకు తెలిసినట్లు మరొకరికి తెలియదని మాకొక నమ్మకం ఉండేది. 2023 వేసవిలో మా అబ్బాయి ఆ నమ్మకాన్ని కొంచెం కదిలించినాడు.

ప్లస్ టూ పరీక్షలు ముగియగానే వాడు ఆటలాడే కంప్యూటరు కావాలన్నాడు. మా వద్ద ఉన్నదల్లా మా ఆవిడ చీటీ పాడి తెచ్చిన 30,000 రూపాయలు. అదైనా గాజులకని దాచుకొన్నది. విషయం విని ఆమె, "పోనీండి, గాజులకేం తొందర?" అన్నది.

"సామాన్లు విడివిడిగా కొని మనమే బిగించుకొందాం, నాన్నా" అని వాడు పద్దు వ్రాసి మా ముందుంచినాడు. ప్రాసెసరు 11,000. మదర్‌బోర్డు 6,500. ర్యామ్ 3,200. ఎస్‌ఎస్‌డి 2,800. ఎస్‌ఎంపిఎస్ 4,000. క్యాబినెట్ 2,300. మానిటరు మా తమ్ముడి ఇంట్లో మూలపడి ఉన్నది.

ఆటలకు ముఖ్యం గ్రాఫిక్స్ కార్డట. మంచిది కొంటే మన సొమ్మంతా అదొక్కటే మింగుతుంది. అందుచేత వాడు రైజెన్ 5 5600జి ఎంచినాడు. 2021లో వచ్చిన ఆ ప్రాసెసరులోనే బొమ్మలు చూపే భాగమూ ఇమిడి ఉన్నది. అయితే అది ర్యామ్‌లోనుంచే చోటు అరువు తెచ్చుకొంటుంది. కనుక 16 జీబీది ఒకటి కాక, 8 జీబీవి రెండు వేస్తే దారులు రెండై ఆట చురుకుగా సాగుతుందట.

అంతా విని మేము ఎర్రసిరా కలం తీసి ఎస్‌ఎంపిఎస్‌కు గీటు కొట్టినాము. పెట్టెలో ఒక మూల కనబడకుండా పడి ఉండేదానికి 4,000 దేనికి? వెయ్యిలోపే దొరుకుతుంది గదా!

"నాన్నా, అన్నిటికీ కరెంటు ఇచ్చేది అదే. నాసిరకంది చెడితే తక్కినవాటినీ వెంట తీసుకుపోవచ్చు. పైగా రేపు కార్డు కొంటే దానికీ చాలాలి. అందుకే 550 వాట్లది" అన్నాడు వాడు.

మాకు మా నాన్నగారు జ్ఞాపకం వచ్చినారు. ఆయన కట్టినది ఒక్క అంతస్తే. కాని పునాది మాత్రం రెండంతస్తులకు వేయించి, పైన కమ్ములు వదలినారు. మారుమాటాడక కొట్టివేసిన పద్దు మళ్ళీ వ్రాసినాము.

మౌంటురోడ్డు పక్కనున్న రిచీ వీధిలో ఒక శనివారమంతా తిరిగినాము. అరవంలో బేరమాడటం మా వంతు, సామాను చూసి ఏరడం వాడి వంతు. లెక్క 29,800కు తెగినది. మిగిలిన 200 ఆటోకు సరి.

ఆదివారం హాల్లో చాప పరచి బిగించినాము. మీట నొక్కగానే పంకా తిరిగినది గాని తెర నల్లగానే ఉన్నది. "ఏమండీ, కాలిపోయిందా?" అన్నది మా ఆవిడ, తన బోసి ముంజేయి నిమురుకొంటూ. మాకు నోట మాట రాలేదు. వాడు మాత్రం తొణకక కరెంటు ఆపి, ర్యామ్‌లు రెండూ ఊడదీసి, టక్కుమనేదాకా నొక్కి పెట్టినాడు. ఈసారి తెర వెలిగినది!

వాడాడే వాలరెంట్ దానిమీద హాయిగా నడుస్తున్నది. భారీ ఆటలకు బొమ్మ నాణ్యం తగ్గించుకోవాలి. అందుకు వాడేమీ చిన్నబోలేదు. కార్డుకై వదలిన చోటు ఇంకా ఖాళీగానే ఉన్నది.

మా ఆవిడ మళ్ళీ చీటీ కడుతున్నది. ఆ సొమ్ముకు వాడే పద్దు వ్రాసినాడు: ముందు అమ్మకు గాజులు, తరువాత కార్డు. అందులో మేము దేనికీ గీటు కొట్టలేదు.