మందు ఎంత మిగిలింది?

క్రోన్స్ వ్యాధో, పెద్దపేగు పూతో ముదిరినవాళ్లకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించే లెక్క పైకి తేలికే. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం. ఆపైన ఎనిమిది వారాలకోసారి. ఆ లెక్కలో బరువుంది, తేదీ ఉంది. ఒంట్లోకి వెళ్లిన మందు ఏమైందన్నది మాత్రం లేదు.

కొన్నాళ్లు బాగుండి మళ్లీ రక్త విరేచనాలు మొదలైతే మన ఇళ్లలో ముందు వచ్చే ప్రశ్న, "పథ్యం తప్పావా?" అని. అడిగేది ప్రేమతోనే. కానీ అప్పటికే రోజుకు పదిసార్లు లేచి నీరసించిన మనిషి ఆ మాటకు నిన్నటి పచ్చడి ముద్దను, మొన్నటి పెళ్లి భోజనాన్ని తలుచుకుని తననే తిట్టుకుంటుంది. ఆ నింద అన్యాయమని నాకు తెలిసింది మందు మట్టాల గురించి చదివాకే.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక ప్రొటీన్. పేగు లోపలి పొర పుండుపడి కారుతుంటే రక్తంలోని ప్రొటీన్లతోపాటు అదీ జారిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2015లో పేగుపూత రోగుల మలంలోనే ఈ మందును కొలిచి చూపించారు. మందుకు లొంగనివాళ్లలో తొలిరోజుల్లో అలా పోయింది ఎక్కువ. ఎవరికి మందు ఎక్కువ అవసరమో వాళ్ల ఒంట్లోనే అది నిలవదన్నమాట! ఈ సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇందులో పచ్చడి తప్పేముంది?

పోయే దారి ఇంకొకటీ ఉంది. ఎలుక ప్రొటీన్ ముక్క కలిసిన ఈ మందును శరీరం పరాయిదిగా గుర్తుపట్టి దానిమీదే యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. తోడుగా అజాథయోప్రిన్ ఇస్తే ఆ బెడద తగ్గుతుంది.

అందుకే మళ్లీ మందు ఎక్కించబోయే ముందు, మట్టం అన్నిటికన్నా దిగువన ఉన్నప్పుడు, రక్తం తీస్తారు. జబ్బు తిరగబెట్టినవాళ్లలో మిల్లీలీటరుకు కనీసం 5 మైక్రోగ్రాములు ఉండాలని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2017లో సూచించింది. మందు తక్కువై యాంటీబాడీలు లేకపోతే మోతాదు పెంచవచ్చు, గడువు దగ్గర చేయవచ్చు. యాంటీబాడీలు బాగా పెరిగితే అదే పని చేసే మరో మందుకు మారాలి. మందు పుష్కలంగా ఉండి కూడా జబ్బు ఎగదన్నితే ఆ జబ్బు వేరే దారి పట్టినట్టు. వేరే రకం మందు చూడాలి. బయటికి మూడింటికీ అవే విరేచనాలు, అదే కడుపునొప్పి.

బాగున్నవాళ్లకూ మాటిమాటికీ ఈ పరీక్ష చేయాలా అన్నదానిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. బెల్జియంలోని లూవెన్‌లో జరిగిన టాక్సిట్ అధ్యయనంలో ఏడాది పొడవునా మట్టాన్నిబట్టి మోతాదు మార్చినవాళ్లకూ లక్షణాలనుబట్టి మార్చినవాళ్లకూ ఫలితంలో పెద్ద తేడా రాలేదు. నా మనసు పట్టుకున్నది అదే అధ్యయనంలోని మరో సంగతి: మట్టం అవసరానికి మించి ఉన్నవాళ్లకు మోతాదు తగ్గిస్తే మందు ఖర్చు 28 శాతం తగ్గింది. మన దగ్గర ఈ మందును పొలమో నగలో తాకట్టుపెట్టి కొనుక్కునే కుటుంబాలున్నాయి. వాళ్లకిది చిన్న లెక్క కాదు. సీసాకు డబ్బు కట్టే బీమాలు, ప్రభుత్వ పథకాలు దాన్ని కొలిచే పరీక్షకూ కట్టి తీరాలి.