అవసరమైన మార్పులు

ఫ్రెంచిలో ‘కొన్సీన్’ అని ఒక మాటుంది. పారిస్ రైల్వే స్టేషన్లో మొదటిసారి చూశాను, సామాను దాచుకునే చోట. ఖాళీ సీసా తిరిగిచ్చేస్తే వచ్చే డిపాజిట్‌నీ అదే అంటారు. మూడో అర్థం మా అమ్మాయి బళ్ళో చేరాక తెలిసింది: ఎక్సర్‌సైజు పైన ‘ఇలా చెయ్యి’ అని ఉండే వాక్యం.

అమ్మాయికిప్పుడు ఎనిమిదేళ్ళు. ఇక్కడ ప్రైమరీ పిల్లలకి ఇంటి దగ్గర రాతపని ఇవ్వకూడదని 1956 నుంచీ రూలుంది. అయినా బ్యాగులో కాగితాలు వస్తూనే ఉంటాయి. ఆ రోజు వచ్చిన దాంట్లో ఒకబ్బాయి తన గది సర్దుకుంటున్నాడు. ‘ఆ అబ్బాయి బదులు అన్నాచెల్లెళ్ళని పెట్టి, అవసరమైన మార్పులు చేస్తూ తిరగరాయి’ అని కొన్సీన్.

అది ‘లర్ శాంబ్ర్’ అని ఏకవచనంలో రాసింది. వాళ్ళ గది.

“ఇద్దరంటే రెండు గదులు కదమ్మా, ఎస్‌లు పెట్టాలి,” అని రబ్బరు తీసుకుని నేనే చెరిపేశాను.

“రెండూ ఒకేలా వినిపిస్తాయిగా నాన్నా.”

నిజమే. రాతలో రెండు ఎస్‌లు చేరతాయి గానీ పలకడంలో ఏ తేడా లేదు. అది ఈ భాషని చెవితో నేర్చుకుంది, నేను పుస్తకంతో. అందుకే ఎస్‌ల విషయంలో నాకు ధీమా ఎక్కువ.

రెండ్రోజులకి ఎర్రగీతతో తిరిగొచ్చింది. టీచర్ అనుకున్నది ఏకవచనం. నాకు ఒళ్ళు మండింది. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. గది ఒకటా రెండా అన్నది కథ చెప్పాలి, చెప్పలేదు. ఆఫీసులో ఇలాంటి రిక్వైర్‌మెంట్ వస్తే వెనక్కి పంపేవాణ్ణి. టీచర్‌కి రాద్దామని నోటుబుక్కు తెరిచి, ఎందుకో అడిగాను.

“ముందు ఒకటే గదని ఎందుకు రాశావ్?”

“నాకూ తమ్ముడికీ ఒకటే గది కదా!”

పెన్ను ఆగిపోయింది. కథలో లేనిదాన్ని అది మా ఇంట్లోంచి తెచ్చి పూరించుకుంది. నేనూ అదే చేశాను. కాకపోతే నా ‘చెరో గది’ మేమింకా కొనని ఇంటి ప్లాన్‌లోంచి వచ్చింది. ఇద్దరిలో రబ్బరు నా చేతిలో ఉంది, అంతే తేడా.

‘క్వశ్చన్ అర్థం చేసుకోవడం కూడా పరీక్షే’ అనేవాళ్ళు మా కాలేజీ ఇన్విజిలేటర్లు. అర్థం కాలేదని చెప్పకూడదని దాంతో నేర్చుకున్నాం. ఉద్యోగంలో ఆ అలవాటు పోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అదే అలవాటు కూతురికి నేనే నేర్పుతున్నానని తోచలేదు.

టీచర్‌కి చివరికి ఒక్క వాక్యమే రాశాను: మొదటి జవాబు చెరిపింది నేనేనని. అమ్మాయికి చదివి వినిపిస్తే అందులో ఒక తప్పు దిద్దింది.

ఇప్పుడు కొన్సీన్ రెండు రకాలుగా తోస్తే, తను ఏదనుకుందో పక్కన పెన్సిల్‌తో రాసి పెడుతుంది. టీచర్ ఒక్కోసారి ఒప్పుకుంటుంది, ఒక్కోసారి లేదు. రబ్బరు మాత్రం దాని డబ్బాలోనే ఉంటోంది.