ఛానల్‌కీ ఓ భయం ఉంటుంది

2020 ఆగస్టు. జేకబ్ బ్లేక్ అనే నల్లజాతి యువకుడిపై పోలీసులు కాల్పులు జరిపాక అమెరికాలోని కెనోషా అట్టుడికింది. సీఎన్ఎన్ రిపోర్టర్ వెనక మంటలు ఎగసిపడుతున్నాయి. తెర కింద మాత్రం, మంటలున్నా నిరసనలు చాలావరకు శాంతియుతమే అని అక్షరాలు!

అంతకు రెండు నెలల ముందు ఫాక్స్ న్యూస్ వెబ్‌సైట్, సియాటిల్ నిరసనల ఫొటోల్లో వేరే రోజు తీసిన తుపాకీ మనిషి బొమ్మను అతికించింది. సియాటిల్ టైమ్స్ పట్టుకున్నాకే తీసేసింది.

2021 జనవరి 6 ఇంకా విడ్డూరం. అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్‌పై ట్రంప్ మద్దతుదారుల దాడి జరుగుతుంటే, జనాన్ని ఇళ్లకు పొమ్మని ట్రంప్ చెప్పాలంటూ వైట్‌హౌస్‌కు మెసేజ్ పెట్టారు ఫాక్స్ యాంకర్ లారా ఇంగ్రహామ్. రాత్రి టీవీలోనేమో, గుంపులో వామపక్ష యాంటిఫా వాళ్లున్నారేమోనని అనుమానం వదిలారు.

ఎందుకిలా? ఫాక్స్ మటుకు జవాబు ఓటింగ్ యంత్రాల సంస్థ డొమినియన్ వేసిన పరువునష్టం దావాలో దొరికింది. 2020 ఎన్నికల్లో మోసం జరిగిందన్న కథలు నమ్మకుండానే ప్రసారం చేసిన ఫాక్స్, 2023లో 78.75 కోట్ల డాలర్లిచ్చి రాజీపడింది. బయటపడ్డ మెసేజీల నిండా ఒకటే భయం: నిజం చెబితే ప్రేక్షకులు పోటీ ఛానల్ న్యూస్‌మ్యాక్స్‌కి పోతారని.

ఛానళ్లు జనాన్ని చెడగొడుతున్నాయని తిడతాం గానీ, ఇక్కడ జనానికి జడిసి ఛానలే చెడింది. చూసే ఛానల్ చెబితే పార్టీ చెప్పేయగల తెలుగువాళ్లం, అమెరికాను చూసి నవ్వే అర్హత మనకైతే లేదు.